మన వీధి పనిని పంచాయతీ ప్రణాళికలోకి ఎలా ఎక్కించాలి

నేను పదకొండేళ్లుగా మా ఊరి గ్రామ సంఘానికి, అంటే ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘానికి, యానిమేటర్‌ని. మార్కాపురం వైపు మెట్ట ఊరు మాది. పొదుపు సంఘాల పుస్తకాలు రాయడం, బ్యాంకు లింకేజీలు చూడటం నా పని. పంచాయతీ సంగతులు సర్పంచ్ గారు, సెక్రటరీ గారు చూసుకుంటారులే అనుకుని చాలా ఏళ్లు గడిపాను. 2024 ఆగస్టు 23 తర్వాత అలా అనుకోవడం మానేశాను.

ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 13,326 పంచాయతీల్లోనూ ఒకేరోజు గ్రామ సభలు పెట్టారు, ముఖ్యంగా ఉపాధి హామీ పనులు ఎంచుకోవడానికి. మా ఊళ్లో బడి ఆవరణలో షామియానా వేశారు. జనం బాగా వచ్చారు. ఎస్సీ కాలనీ నుంచి మా సంఘం సభ్యురాలు ఒక పెద్దావిడ లేచి, "అయ్యా, మా వీధికి కాలవ లేదు. వాడకం నీళ్లన్నీ నా గుమ్మం ముందే నిలబడతన్నాయి. పోయినేడు మనవరాలికి డెంగీ వచ్చి చావు దప్పింది" అని చెప్పింది. అందరూ విన్నారు. "చేద్దాంలే పెద్దమ్మా" అన్నారు పెద్దలు. ఆమె కూర్చుంది.

రెండు నెలల తర్వాత వేరే పని మీద సచివాలయానికి వెళ్లి తీర్మానాల పుస్తకం తిరగేస్తే, ఆ రోజు పేజీలో కాలవ మాటే లేదు. ఎవరూ కావాలని వదిలెయ్యలేదు. ఆమె నోటితో చెప్పింది, ఎవరూ రాయలేదు, అంతే. పక్కనే కూర్చున్న నేను నెలనెలా ఇన్ని సంఘాల మినిట్స్ రాసేదాన్ని. "రాశారా అండీ?" అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. ఆ బాధతోనే తర్వాతి ఏడాది ఆ కాలవ పని మీద కూర్చున్నాను. అప్పుడు నేర్చుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీ వీధికి కావలసింది కాలవ కావచ్చు, కుళాయి కావచ్చు, శ్మశానానికి దారి కావచ్చు. పద్ధతి ఇదే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ప్రతి పంచాయతీ ఏటా ఒక అభివృద్ధి ప్రణాళిక రాసుకోవాలి. ఆఫీసుల్లో దాన్ని జీపీడీపీ అంటారు. ఇది ఎవరో దయతో పెట్టింది కాదు. రాజ్యాంగంలో 243జీ అధికరణ కింద, పదకొండో షెడ్యూల్లో ఉన్న 29 అంశాల మీద ప్రణాళికలు వేసే పని పంచాయతీలకు అప్పగించవచ్చని ఉంది. 2015లో 14వ ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బు ఎవరికి ఎంత పంచాలో చెప్పే సంఘం) నిధులు నేరుగా పంచాయతీలకు రావడం మొదలయ్యాక ఈ ప్రణాళిక తప్పనిసరి అయింది. 2018 నుంచి సాధారణంగా అక్టోబర్ 2న మొదలుపెట్టి మూడు నాలుగు నెలల్లో, రాబోయే ఏప్రిల్ నుంచి చేయాల్సిన పనులకు ప్రణాళిక తయారు చేయించే ప్రచార కార్యక్రమం నడుస్తోంది.

అంటే జనవరిలో వెళ్లి "మా వీధి సంగతేంటి" అని అడిగితే, ఇంకో ఏడాదికి పైగా ఆగాల్సిందే. వినాయక చవితి నిమజ్జనం అయిపోగానే మొదలుపెట్టండి. కొలతలకు, వీధి వాళ్లను ఒక మాట మీదికి తేవడానికి, కాగితం రాసుకోవడానికి నెల పడుతుంది. మాకు ఐదు వారాలు పట్టింది.

నల్గొండ జిల్లాలో ఉన్న మా చెల్లెలికి ఈ విషయంలో కాస్త వెసులుబాటు ఉంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామ సభ పెట్టాలి. ఒక సభలో తప్పిపోయినా తర్వాతి సభలో పట్టుకోవచ్చు. ఏజెన్సీలో ఉన్నవాళ్లకు గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం ఉంది, అక్కడ ఒక్కో గూడెమే తన గ్రామ సభ పెట్టుకోవచ్చు. మీది ఏ ఊరో చూసుకుని దాన్నిబట్టి తేదీలు వేసుకోండి.

డబ్బు ఏ సంచిలో ఉందో ముందు తెలుసుకోండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నాకు కూడా మొదట తెలియదు. పంచాయతీకి వచ్చే డబ్బంతా ఒకే సంచిలో ఉండదు, ఏ సంచిలో డబ్బు ఆ పనికే.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పెట్టిన లెక్క చూడండి. ఊరికి వచ్చిన గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే ముందే పని ముడిపెట్టిన డబ్బు. అందులో సగం తాగునీరు, వాన నీటి నిల్వకు. మిగతా సగం పారిశుద్ధ్యానికి. మొత్తం గ్రాంటులో మిగిలిన 40 శాతం అన్‌టైడ్, ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చు కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి, జాబితా వేసుకునే ముందు ఈ ఏడాది మీ ఊరికి ఏ పద్దు కింద ఎంత వస్తుందో సెక్రటరీ గారిని అడిగి కాగితం మీద రాసుకోండి. ఇది కాక ఇంటి పన్ను, నీటి పన్ను లాంటివాటితో పంచాయతీకి సొంత నిధి ఉంటుంది. మా ఊళ్లో సీసీ రోడ్లు ఉపాధి హామీ సామగ్రి నిధులతో పడ్డాయి.

ఇది తెలిస్తే ఏం లాభమంటే, మా కాలవని మేము "వీధి బాగు" అని అడగలేదు. పారిశుద్ధ్యం పద్దులో అడిగాం. అదే సభలో పై వీధి వాళ్లు ఊరి మొదట్లో ఆర్చి కట్టాలని అడిగారు. ఆర్చికి టైడ్ డబ్బు వాడటానికి వీల్లేదు, అన్‌టైడ్‌లో మిగిలింది వీధి దీపాలకే చాలదు. మా పనికి వాళ్ల పనితో పోటీయే పడలేదు. ఏ ఊళ్లోనైనా మురుగు నిలిచిన వీధి ఉండగా ఆర్చికి డబ్బు పెట్టకూడదన్నది నా అభిప్రాయం, ఇది ఎవరి ముందైనా చెబుతాను.

ఇంకో సంగతి. ఊరికి కావలసినవన్నీ పంచాయతీ చెయ్యలేదు. ఆర్ అండ్ బీ రోడ్డు మీద గుంత, బస్సు ట్రిప్పు, పీహెచ్‌సీలో డాక్టరు, ఇవి వేరే శాఖల పనులు. వాటిని కూడా సభలో పెట్టండి, కానీ "ఫలానా శాఖకు పంపాలని తీర్మానించాం" అని విడిగా రాయించండి. పంచాయతీ చేసే పనుల జాబితాలో వాటిని కలిపేస్తే రెండూ కాకుండా పోతాయి.

పాత ప్రణాళిక చదవండి. ఇది తప్పకుండా చెయ్యాల్సిన పని, అరగంట చాలు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న ఈగ్రామ్‌స్వరాజ్ అనే పోర్టల్ పెట్టింది. అందులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే మీ ఊరి ఆమోదించిన ప్రణాళిక కనబడుతుంది. పని పేరు, అంచనా, ఏ నిధి నుంచి అన్నీ ఉంటాయి. ఫోన్లో అక్షరాలు మరీ చిన్నగా వస్తాయి, డిగ్రీ చదివే పిల్లలెవరితోనైనా ప్రింటు తీయించుకోండి. మాది తీయిస్తే, మూడేళ్లుగా కాలనీ పేరుతో ఒక్క పారిశుద్ధ్యం పని కూడా లేదని తేలింది. ఆ ప్రింటు కాగితమే తర్వాత సభలో మాకు పెద్ద బలం అయింది.

టేపు పట్టుకుని వీధిలోకి

"మాకు కాలవ కావాలి" అంటే అది కోరిక. "ఫలానా ఇంటి నుంచి వాగు దాకా 118 మీటర్లు, 23 ఇళ్లు" అంటే అది పని. ఆఫీసులో కూర్చున్న మనిషి పని పేరు రాయగలడు, కోరికని ఎక్కడ రాయాలో ఆయనకు తెలియదు.

మేము ఎలా కొలిచామో చెబుతాను. ఆదివారం కాలనీలో చర్చి వదిలాక, మధ్యాహ్నం పన్నెండున్నరకి మొదలుపెట్టాం. ఆ వేళ ఎందుకంటే, మిగతా రోజుల్లో ఆడవాళ్లంతా పత్తి తీతకు పోతారు, చీకటి పడితే గానీ రారు. తాపీ మేస్త్రి దగ్గర 30 మీటర్ల టేపు అడిగి తెచ్చాం. పెద్దావిడ గుమ్మం దగ్గర ఒకరు టేపు కొస పట్టుకుని నిలబడ్డారు. ఎనిమిదో తరగతి పిల్ల పలక పట్టుకుని ప్రతి ఇంటి ముందు ఆగి దూరం, ఆ ఇంట్లో ఎంతమంది, నీళ్లు ఎటు పోతున్నాయి అని రాసింది. మా వైపు పలకలకు కొదవ లేదు కదా. ఇంటికొచ్చాక అదంతా తెల్ల కాగితం మీదికి ఎక్కించాం.

తర్వాత మేస్త్రి నీళ్లు నింపిన పారదర్శక గొట్టం తెచ్చి, ఒక కొస ఇక్కడ, ఇంకో కొస అక్కడ పట్టించి వాలు చూశాడు. అప్పుడు ఒక సంగతి బయటపడింది. వీధి మొత్తం వాగు వైపు వాలు ఉందనే అందరం అనుకున్నాం. వేప చెట్టు దగ్గర మాత్రం జానెడు ఎత్తు తిరగబడింది. పెద్దావిడ గుమ్మం ముందు నీళ్లు నిలబడటానికి కారణం అదే. అక్కడ లోతుగా తవ్వకపోతే ఎంత సిమెంటు పోసినా నీళ్లు వెనక్కే వస్తాయి. అది కాగితం మీద రాసుకున్నాం.

ఇంకో చిక్కు కూడా కొలతల్లోనే తేలింది. ఒక ఇంటి మెట్లు వీధిలోకి మూడు అడుగులు వచ్చి ఉన్నాయి. కాలవ వాటి మీదుగా పోవాలి. ఆ ఇంటాయన "నా మెట్లు తీస్తే మా అమ్మ ఎక్కేదెట్టా?" అన్నాడు. న్యాయమైన మాటే, ఆమెకు మోకాళ్లు పనిచెయ్యవు. రెండు సాయంత్రాలు కూర్చుని మాట్లాడాం. మెట్లు తీస్తే ఆ చోట కాలవ మీద బండ పరిచి మళ్లీ మెట్టు కట్టాలని ఒప్పుకున్నాం, అది ఒక కాగితం మీద రాసి ఆయన సంతకం, అటూ ఇటూ ఇళ్లవాళ్ల సంతకాలు తీసుకున్నాం. ఇలాంటి తగాదా ముందే తీర్చుకోవాలి. నిధులొచ్చి, పని మొదలైన రోజు ఒక్క మనిషి అడ్డం పడితే, "ఆ వీధివాళ్లకే ఒప్పుదల లేదు" అని ఆ పని వేరే వీధికి పోతుంది.

వీధి వాళ్లను "మీకేం కావాలి?" అని అడగొద్దు. అలా అడిగితే ప్రతి ఒక్కరూ ఇల్లు, పింఛను అంటారు, అవీ అవసరాలే కానీ వాటి దారి వేరు. "నాతో పాటు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుద్దాం రండి" అనండి. నడుస్తుంటే వాళ్లే ఆగి చూపిస్తారు. మాకు వీధి కుళాయి దగ్గర బిందె పెట్టే గట్టు విరిగిపోయిందని చూపింది పదేళ్ల పిల్ల. పెద్దవాళ్లకు అది అలవాటైపోయింది.

పొదుపు సంఘాల ద్వారా దారి

ఇది నా పని కాబట్టి గట్టిగా చెబుతాను. గ్రామ సంఘాలు ఏటా పేదరిక నిర్మూలన ప్రణాళిక తయారు చేసి పంచాయతీకి ఇవ్వాలి. అది జీపీడీపీలో కలవాలి. అందులో నాలుగు భాగాలు ఉంటాయి: అర్హతలు, అంటే పింఛను, జాబ్ కార్డు లాంటివి ఎవరికి అందలేదో. జీవనోపాధులు. ఊరికి కావలసిన సౌకర్యాలు, వనరులు. బాల్య వివాహాలు, మద్యం లాంటి సామాజిక సమస్యలు. చాలా ఊళ్లలో ఈ ఫారాలు యానిమేటర్ ఒక్కతే కూర్చుని నింపేస్తుంది. అలా చెయ్యకండి అక్కా. సంఘం సమావేశంలో చదివి, ఒక్కొక్కరూ చెప్పింది రాసి, అందరి సంతకాలతో ఇవ్వండి. మా కాలవ మూడో భాగంలో ఏడు సంఘాల పేరుతో పోయింది. ఒక్క పెద్దావిడ అడిగితే వినిపించని మాట, ఏడు సంఘాల తరఫున రాస్తే పక్కన పెట్టడం ఎవరికైనా కష్టం.

గ్రామ సభకు ముందు మహిళా సభ పెట్టాలని అడగండి, వేళ కూడా మీరే చెప్పండి. పొద్దున పదకొండు గంటలకు పెడితే సంతకాలు ఉంటాయి, మనుషులు ఉండరు. మేము రాత్రి ఏడున్నరకి పెట్టించుకున్నాం. దండోరా కాలనీ దాకా వచ్చిందా లేదా కూడా చూసుకోండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీని నోటీసు అనుకోవద్దు, కాలనీలో సగం ఇళ్లలో ఆడవాళ్ల చేతిలో ఫోన్లు లేవు.

అర్జీ ఇలా రాయండి

ఒకే పేజీ చాలు. మేము ఇచ్చింది ఇలా ఉంది, మీ వివరాలు పెట్టుకుని వాడుకోండి:

"సర్పంచ్ గారికి, గ్రామ సభ వారికి. విషయం: ఫలానా కాలనీ మూడో వీధిలో మురుగు కాలవ నిర్మాణాన్ని రాబోయే ఆర్థిక సంవత్సరం ప్రణాళికలో చేర్చుట గురించి. అయ్యా, ఈ వీధిలో 23 ఇళ్లు ఉన్నవి. ఫలానా వారి ఇంటి వద్ద నుండి వాగు వరకు 118 మీటర్ల పొడవున కాలవ లేదు. వేప చెట్టు వద్ద వాలు తిరగబడి ఉన్నందున అక్కడ లోతు పెంచవలెను. దారిలో ఉన్న మెట్ల విషయమై ఇంటి యజమాని అంగీకార పత్రం జతచేసినాము. ఈ పనిని పారిశుద్ధ్యం పద్దు కింద చేర్చి, తీర్మానం చేయవలసినదిగా కోరుచున్నాము. జత: కొలతల పటం, ఫొటోలు 4, అంగీకార పత్రం, సంతకాలు."

సర్పంచ్ పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారి ఉంటే ఆయన పేరు పెట్టండి, మిగతా అంతా అదే. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకుని తెచ్చుకోవాలి. సభకు వారం ముందే ఇస్తే ఎజెండాలో పెట్టమని అడగడానికి వీలుంటుంది. డెంగీ, బాధలు, కష్టాలు అర్జీలో ఒక వాక్యం కన్నా ఎక్కువ రాయకండి. అవి సభలో నోటితో చెబితేనే మనసుకు తగులుతాయి.

సభ రోజు

ముగ్గురు వెళ్లండి, ముందు వరసలో కూర్చోండి. ఒకరు అర్జీ చదువుతారు. ఒకరు బాధ చెబుతారు, మాకు పెద్దావిడే చెప్పింది, ఈసారి గొంతు వణకలేదు. మూడో మనిషి మాట్లాడకూడదు. పుస్తకం రాసే మనిషి దగ్గర కూర్చుని ఏం రాస్తున్నారో చూడాలి. ఆ మూడో మనిషి నేను.

అందరూ "సరే" అన్నాక మర్యాదగా అడగండి: "తీర్మానం నంబరు ఎంతండీ? ఒకసారి చదివి వినిపిస్తారా?" మేము అడిగితే చదివారు. "కాలనీలో సైడు కాలవ నిర్మాణం" అని ఉంది. ఇది చాలదు. మా కాలనీలో నాలుగు వీధులు ఉన్నాయి, ఈ మాటతో ఏ వీధిలో కట్టినా తీర్మానం నెరవేరినట్టే. "మూడో వీధి, ఫలానా ఇంటి నుంచి వాగు వరకు, 118 మీటర్లు" అని కలిపించాం. ఆ నాలుగు ముక్కల కోసం పది నిమిషాలు నిలబడ్డాం, చుట్టూ జనం విసుక్కున్నా కూర్చోలేదు.

హాజరు సంతకం వేరు, తీర్మానం కింద సంతకం వేరు. పైన రాత లేని ఖాళీ పేజీ మీద ఎవరడిగినా సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యొద్దు. "సాయంత్రం నింపుతాం" అన్నా వద్దు, "సాయంత్రమే వస్తాం" అనండి. తీర్మానం పేజీని ఫోన్లో ఫొటో తీసుకోండి. ఒకవేళ మీ పని కాదన్నారనుకోండి, కారణం ఏమిటో పుస్తకంలో రాయించండి. నిధి లేదని రాస్తే వచ్చే ఏడాది దాని మీద మాట్లాడొచ్చు. రాయకపోతే అసలు అడగలేదన్నట్టే.

ఆ తర్వాత

తీర్మానం అయ్యాక ప్రణాళికను పోర్టల్‌లో ఎక్కిస్తారు. జనవరి, ఫిబ్రవరిలో రెండుసార్లు చూడండి. మా పని ఎక్కింది కానీ పేరు మళ్లీ "సైడు కాలవ" అని మాత్రమే పడింది. తీర్మానం ఫొటో పట్టుకుని వెళ్లి చూపిస్తే సరిచేశారు. ఫొటో లేకపోతే ఏమయ్యేదో నేను ఊహించుకోవడం ఇష్టం లేదు.

వివరాలు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. "గ్రామ సభ తీర్మానం నకలు, ఆమోదించిన ప్రణాళిక నకలు, అంచనా కాపీ" అని మూడు కాగితాలు పేర్లతో అడగండి, "పూర్తి వివరాలు" అని అడగొద్దు. నాకు ఆ అవసరం రాలేదు, దరఖాస్తు మాత్రం రాసి సంచిలో పెట్టుకునే తిరిగాను.

పని మొదలయ్యే ముందు ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చి కొలతలు తీస్తారు. ఆ రోజు మీ కొలతల పటం ఆయన చేతికివ్వండి, వాలు తిరగబడిన చోటికి తీసుకెళ్లి నిలబెట్టండి. పని చేసేటప్పుడు కంకర మందం, సిమెంటు పాలు అన్నీ మనకు తెలియకపోవచ్చు. నీళ్లు పోసి చూడటం మాత్రం అందరికీ తెలుసు. కొలతలు ఎం.బుక్‌లో, అంటే ఇంజనీర్ల కొలతల పుస్తకంలో, ఎక్కి బిల్లు పెట్టకముందే ఆ పని చెయ్యాలి, బిల్లయ్యాక ఎవరూ తిరిగి రారు.

మేము ఆరు బిందెలు తెచ్చాం. పెద్దావిడ గుమ్మం ముందు ఒకదాని తర్వాత ఒకటి పోశాం. నీళ్లు సాగిపోతుంటే పిల్లలు పక్కనే పరిగెత్తారు. వేప చెట్టు దగ్గర ఆగాయి. రెండు మీటర్ల మేర, వేలు మునిగేంత నిలబడ్డాయి. మేస్త్రి గొట్టం పట్టి చూసి, అవును, అక్కడ లోతు చాల్లేదన్నాడు. ఇంజనీరింగ్ అసిస్టెంట్ గారిని పిలిచి చూపించాం. మర్నాడు ఆ రెండు మీటర్లు పగలగొట్టి మళ్లీ పోశారు. నాలుగు రోజులు తడిపాక మళ్లీ ఆరు బిందెలు పోశాం. ఈసారి నీళ్లు చెట్టు దాటి, మెట్ల దగ్గర బండ కింద నుంచి దూరి, వాగులో పడ్డాయి. అప్పుడు పుస్తకంలో కొలతలు ఎక్కించారు.